మొదళ్ళు లేని కొండ

...భయపెట్టావు అంటుంది అక్క ఇప్పటికీ. ఇన్నేళ్ళలో ఆ మాట మార్చలేదు. నేనూ కాదనను, కాదనడానికి ఏముంది గనక. పాప పెద్దదైంది, ఉద్యోగం చేస్తోంది. అయినా వాన పట్టిందంటే ఏ ఊళ్ళో ఏ గదిలో ఉన్నా ముందు లేచి, కిటికీలోంచి బయట ఎత్తుగా ఏముందో చూసుకుంటుందట. ఫోన్లో నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు అడుగున ఒక వణుకు ఉంటుంది. అది నేను పెట్టిందే. పిల్లలకు మనం ఇచ్చేవాటిలో ఏది నిలుస్తుందో, ఏది ఆవిరైపోతుందో ఇచ్చేటప్పుడు తెలియదు. ప్రేమగా ఇచ్చినవి ఎన్నో పాపకు గుర్తే లేవు. ఇదొక్కటీ ఉంది. ఆలోచన ఇక్కడిదాకా వచ్చిందంటే ఇక ఆగదు. ఆ వానాకాలం వస్తుంది, దానికంటే ముందు అక్క రాసుకునే బల్ల వస్తుంది.

మా ఇంట్లో కథలు ఆ బల్ల కింద తయారయ్యేవి. అక్క బడిపిల్లల కోసం కథలు రాసేది, నేను వాటికి బొమ్మలు వేసేవాణ్ణి. పెళ్ళీ గిళ్ళీ లేకుండా అక్క ఇంటి మేడగదిలో ఉండిపోయినవాణ్ణి. గోడకు పట్టిన నాచు అనేవాడు నన్ను బావ, ప్రేమగానే. కొత్త కథ రాయగానే అక్క వంటింటి పక్కనున్న ఆ పెద్ద బల్ల దగ్గర కూర్చుని పైకి చదివేది. అప్పటికి పాపకు ఏడేళ్ళు. బల్ల కింద దిండేసుకుని పడుకుని వినేది. ఎక్కడైనా భయమేస్తే చెయ్యి చాచి అక్క కాలి బొటనవేలు పట్టుకునేది. అక్క చదవడం ఆపి ఆ వాక్యం కొట్టేసేది. అలా తోడేలు పోయేది, చీకటి పోయేది, తప్పిపోయిన పిల్లవాడు అదే పేజీలో దొరికిపోయేవాడు.

"ఇలా కొట్టుకుంటూ పోతే చివరికి కథలో గాలి తప్ప ఏం మిగలదే," అనేవాడు బావ.

"గాలి మిగిలితే చాల్లే. భయపడ్డ బుర్రలోకి పాఠం ఎక్కదు," అనేది అక్క.

ఆ మాట నిజమో కాదో మేం ఎప్పుడూ తర్కించలేదు. అంతకుముందు చాలాకాలం అక్క ఏమీ రాయలేదు. పాప తర్వాత పుట్టాల్సిన బిడ్డ పుట్టకుండానే పోయాక, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజుల్లో నేనూ బావా గ్లాసు కూడా చప్పుడు కాకుండా కింద పెట్టడం నేర్చుకున్నాం. పాప కూడా నేర్చుకుంది, అదే ఎక్కువ బాధ. అలాంటి మనిషి ఒక పొద్దున లేచి, జుట్టు ముడేసుకుని, "కాగితాలు ఎక్కడ పెట్టావురా?" అని అడిగింది. ఆ మనిషి ఏ వాక్యం కొట్టేస్తే మాకేం? రాస్తోంది, అది చాలు.

అలా మళ్ళీ రాసినవాటిలో ఒకటి అడవి గురించి. బావ పనిచేసే అటవీ కార్యాలయం వాళ్ళు అడిగి రాయించుకున్నది. ఊరి వెనక, సరిగ్గా బడికి పైన, కొండ వాలు బోడిగా ఉండేది. ముందటేడు దాని మీది చెట్లన్నీ ఒక్క ఊపున కొట్టేశారు. పురుగు పట్టింది, ఉంచితే మిగతా అడవికి పాకుతుందని పైనుంచి ఉత్తర్వు. విడతలుగా కొడదాం, గట్టిగా ఉన్న విత్తనాల చెట్లు కొన్ని వదులుదాం, కింద లేత చెట్లు ఎదిగాక మిగతావి తీద్దాం అని బావ మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. ఆ మొత్తుకోళ్ళన్నీ భోజనాల దగ్గర విని విని అక్క ఒక కథ చేసింది. కొండ ఒక ముసలమ్మ. అడవి ఆమె కప్పుకున్న దుప్పటి. ఆశపోతు గొడ్డలివాడు దుప్పటి అంతా ఒక్కసారే లాగేసుకుంటాడు. ముసలమ్మ చలికి వణుకుతుంది, వానకు దగ్గుతుంది. పిల్లలు వచ్చి ఒక్కొక్క మొక్కా నాటి కొత్త దుప్పటి కుడతారు. ఒకటి కొడితే రెండు వదలాలి, గింజలిచ్చే చెట్టును ముట్టుకోకూడదు అని గొడ్డలివాడి చేత ఒట్టు వేయిస్తారు. కొండ హాయిగా నిద్రపోతుంది. మంచి కథ. ఇప్పుడు చదివినా మంచి కథే.

చివరి బొమ్మ నేను కొండను చూసే వేశాను. వాలు మీద నరికిన చెట్ల మొదళ్ళు, వాటి మధ్య మధ్య మొక్కలు. పాప బల్ల కిందినుంచి తల బయటపెట్టి చూసింది.

"మామయ్యా, ఇవన్నీ మెడలా?"

"మెడలేంటే? చెట్ల మొదళ్ళు."

"మరి తలలేవి?"

నేను నవ్వాను. పాప నవ్వలేదు. తల లోపలికి లాగేసుకుంది. అక్క తన పాదం వైపు చూసుకుంది, తర్వాత నా వైపు.

"తీసెయ్యరా."

"కొండ మీద అలాగే ఉన్నాయి కదక్కా."

"కొండ మీద ఉంటే ఉండనీ. నా పుస్తకంలో వద్దు."

వాటి మీద గోధుమరంగు పూశాను. వాలు దువ్విన తలలా నున్నగా తయారైంది. దాని మీద మొక్కలు వరసలుగా నిలబెట్టాను. నిజం చెప్పాలంటే రంగు ఆరేలోపే నాకూ ఆ బొమ్మే నచ్చింది. కళ్ళకు అడ్డం పోయింది. మనసుకు ఏదైతే అడ్డం పడుతోందో అది కళ్ళముందు లేకపోతే మనసు ఎంత త్వరగా కుదుటపడుతుందో ఆ రోజు గమనించాను. గమనించి ఊరుకున్నాను.

పుస్తకం వచ్చింది. బడిలో పిల్లలు దాన్ని అరిగేదాకా చదివారు. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం పెద్ద టీచరు మా ఇంటికి వచ్చింది. చెమట తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

"మీరేం మాయ చేశారోనమ్మా, మా పిల్లలు క్లాసులో కూర్చోవట్లేదు. పుస్తకంలో చివరి బొమ్మ చూస్తారు, కిటికీలోంచి కొండ చూస్తారు. టీచర్, మన కొండ ఇంకా తయారవలేదేంటి అంటారు. ఆ మొదళ్ళన్నీ పీకించేశామనుకోండి, వానలు పడగానే పిల్లలందరి చేతా మొక్కలు నాటిద్దాం. అచ్చం మీ చివరి పేజీలాగా. మీరు అక్కడ నిలబడి కథ చదవాలి. మొదటి మొక్క మీ పాపది."

అక్క వెంటనే బావ వైపు చూసింది. బావ చేతిలో మంచినీళ్ళ గ్లాసు సగం దారిలో ఆగి ఉంది. నేను చూశాను. ఆ గ్లాసు పెదవిదాకా వెళ్ళలేదు, కిందికీ రాలేదు. అక్క ముఖంలో ఉన్నదాన్ని కూడా చూశాను. ఏళ్ళ తరబడి తాళం వేసిన గదిలో ఎవరో దీపం పెట్టినట్టుంది.

"మొదళ్ళు పీకే యంత్రం సంగతి నేను మాట్లాడతాలెండి," అన్నాడు బావ.

అక్క నవ్వింది. గట్టిగా, వంటింట్లో గిన్నెలు మోగేలా. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది, ఏమైందో చూద్దామని.

మొదళ్ళు పీకుతుంటే ఊళ్ళో సగం మంది చూడటానికి వెళ్ళారు. "పన్ను పీకినట్టు పీకేస్తా సార్, కొండకు నొప్పి కూడా తెలీదు," అన్నాడు యంత్రం నడిపేవాడు, అందరూ నవ్వారు. ఇనుప కొక్కెం పడగానే ఒక్కో మొదలూ ముందు బిగుసుకుని, తర్వాత మూలిగి, ఒక్కసారిగా ఊడి వచ్చేది. దాని వేళ్ళ నిండా మట్టి. గుప్పిట్లో పట్టుకున్నది వదలనట్టు, పైకి లేపినా పట్టుకునే ఉండేవి. గుంటల్లో మెత్తని మట్టి పోసి చదును చేశారు. సాయంత్రానికి కొండ అచ్చం నా బొమ్మలాగా తయారైంది. నా బొమ్మ అంత పెద్దదై ఊరి మీద నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. గర్వం కాబోలు అనుకున్నాను.

వానలు పట్టుకున్నాయి. పడితే ఆగని వానలు. బావ రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి వచ్చేవాడు. ఇంట్లోకి రాకముందే పెరటి కుళాయి దగ్గర బూట్లు కడిగి, గుడ్డతో తుడిచి, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చేవాడు. మా ఇంట్లో ఒకరి రహస్యం ఇంకొకరికి తెలియకపోవడం అంటూ ఉండదు. తెలిసినట్టు కనబడకపోవడమే ఉంటుంది. ఒకరోజు నేనూ గొడుగేసుకుని వెనకే వెళ్ళాను. వాలు కింద, బడి వెనక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం చూస్తున్నావ్ బావా?"

"నీ బొమ్మ చూస్తున్నానురా. బాగా వేశావ్."

వెటకారం అనుకుని ఊరుకున్నాను. బావ కాలితో నేలను ఒకసారి నొక్కాడు. మడమ మునిగిపోయింది.

"చెట్టు కొట్టేసినా దాని వేళ్ళు కొన్నేళ్ళదాకా మట్టిని పట్టుకునే ఉంటాయి. ఈలోపు కొత్త మొక్కల వేళ్ళు అందుకోవాలి. పాతవాళ్ళు వదిలేలోపు కొత్తవాళ్ళు పట్టుకోవాలన్నమాట. అందుకే వాలు మీద మొదలు పీకకూడదు. ఉద్యోగంలో చేరగానే మాకు చెప్పే సంగతి ఇదే."

"తెలిసి ఎందుకు ఒప్పుకున్నావ్?"

"నువ్వెందుకు తీసేశావ్ బొమ్మలోంచి?"

"అక్క తియ్యమంది."

"నాకూ అంతే."

ఇద్దరం నవ్వాం. పిరికివాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టినప్పుడు వచ్చే నవ్వు అది, గొంతు దాటి రాదు. బావ గేటు పక్కనున్న కాలవ చూపించాడు. అది ఎండి ఉంది.

"మొన్నటిదాకా పైనుంచి ఇందులోకి ఊట వచ్చేది. ఇప్పుడు రావట్లేదు."

"మంచిదేగా?"

"ఇంత వానలో ఊట ఆగిపోతే మంచిది కాదురా. పైన పడ్డ నీళ్ళు బయటికి రావట్లేదంటే లోపలే ఉన్నట్టు."

కొండ వైపు చూశాను. నున్నగా, తడిగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"నాటడం ఆపించు బావా. ఆఫీసులో చెప్పు."

"చెప్పాను. పెద్ద సారు వస్తున్నాడు, పిలుపులు వెళ్ళిపోయాయి, వాన అదే తగ్గుతుంది అన్నారు. తగ్గితే ఏం కాదు. చాలాచోట్ల ఏం కాలేదు కూడా."

"తగ్గకపోతే?"

బావ మునిగిన బూటును మట్టిలోంచి లాక్కున్నాడు.

"పోనీ అక్కకు చెప్పు. ఆమె రానంటే వాళ్ళే మానుకుంటారు."

"నువ్వు చెప్పు. తమ్ముడివి."

"నువ్వు మొగుడివి. పైగా అడవి అధికారివి."

"ఏమని చెప్పనురా?" ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు. "నీ పుస్తకం చూసి కొండను పాడుచేశాం అని చెప్పనా? చెప్పాక ఆమె మళ్ళీ గోడవైపు తిరిగితే, నువ్వు తిప్పుతావా ఇటు?"

ఇంటికి వచ్చి ఇద్దరం కుళాయి దగ్గర బూట్లు కడుక్కున్నాం.

ఆ రోజుల్లో నన్ను కొండకంటే ఎక్కువగా కలవరపెట్టింది పాప. అది బల్ల కింద పడుకోవడం మానేసింది. బల్ల ఎక్కి నిలబడి, బడిలో చెప్పాల్సిన మాటలు అప్పజెప్పేది. "కొండమ్మా, కొండమ్మా, కొత్త దుప్పటి తెచ్చాం, నిద్రపో!" ఉరుము ఉరిమితే చెవులు మూసుకునే పిల్ల, ఇప్పుడు ఉరుముకంటే గట్టిగా అరుస్తోంది.

"కొండ లేస్తేనో?" అని అడిగాను ఒకసారి, ఆటగా అన్నట్టు.

"లేవదు మామయ్యా."

"లేస్తే?"

"కథలో లేవదుగా! నీకేం తెలీదు, నువ్వు బొమ్మలు వేసుకో."

అక్క మురిసిపోయింది. "చూశావా, ఇప్పుడది దేనికీ భయపడట్లేదు."

చూశాను. ఒక పిల్లలోంచి ఒక్కొక్క భయాన్నీ జాగ్రత్తగా పీకేసి, పైన చదును చేశాం. అవి ఉన్నచోట ఇప్పుడు ఏముంది? ఏదీ పట్టుకుని లేని మెత్తదనం. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. నచ్చని ఆలోచన వస్తే నేను ఏదో ఒకటి మాట్లాడేస్తాను.

"అక్కా, వానకు పిల్లలు జారిపడతారేమో. కొన్నాళ్ళు వాయిదా వేద్దామని నువ్వే అడిగితే బాగుంటుందేమో."

అక్క కలం ఆగింది. తల ఎత్తలేదు.

"ఏమైందిరా మీ ఇద్దరికీ? ఇంట్లో పిల్లుల్లా తిరుగుతున్నారు."

"ఏం కాలేదే."

"నేను మళ్ళీ పడుకుంటానని భయమా?" నవ్వుతూనే అడిగింది. నవ్వుతూ ఉండగానే కళ్ళు మాత్రం గోడ మీదికి వెళ్ళి ఆగాయి. వట్టి గోడ, దాని మీద ఏమీ లేదు.

"ఛ ఛ, అదేం లేదక్కా. బాగా తడుస్తారని, అంతే."

"తడిస్తే తుడుచుకుంటారు," అని మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు ఊపిరి ఆడింది. చెప్పనందుకు ఊపిరి ఆడటం ఎంత నీచమైన సుఖమో అప్పుడు అనుభవించాను. అయినా సుఖం సుఖమే.

మొక్కలు నాటే రోజు పొద్దున వాన తెరిపి ఇచ్చింది. సన్నని తుంపర మాత్రం మిగిలింది. "చూశారా, కొండమ్మే ఆపించింది," అంది పెద్ద టీచరు. బడి వెనక ఖాళీస్థలంలో పిల్లలు వరసలు కట్టారు, ఒక్కొక్కరి చేతిలో ఒక మొక్క. వెనక గేటు దాటితే కొండ మీదికి మెట్లు. వరసకు ముందు పాప నిలబడింది. పక్కన చిన్న అరుగు మీద అక్క, చేతిలో పుస్తకం. పెద్ద సారు కారు ఇంకా రాలేదు, ఆయన కోసం ఆగక్కర్లేదు, వాన మళ్ళీ పట్టేలోపు కానిచ్చేద్దాం అన్నారు.

గేటు తెరుచుకోలేదు. బడి నౌకరు లాగాడు, తన్నాడు. "వానకు ఉబ్బినట్టుంది," అన్నాడు.

"ఇనుము ఉబ్బడమేంటయ్యా, అన్నం ఎక్కువ తిందా?" అంది పెద్ద టీచరు. పిల్లలు పకపకా నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. గేటు స్తంభాల్లో ఒకటి రెండోదానికంటే కిందికి దిగి, లోపలికి వాలి ఉంది. ఇద్దరు మగవాళ్ళు భుజాలు ఆనించి నెడితే కిర్రుమంటూ తెరుచుకుంది. దాని వెనక మొదటి మెట్టు మీద సన్నని గీత. పెన్సిలుతో గీసినట్టు, మెట్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా. బావ ఆ గీతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. గొడుగు మడిచి మళ్ళీ తెరిచాడు. ఆయన నా కోసం చూస్తున్నాడు, నేను ఆయన కోసం చూస్తున్నాను. ఇద్దరం కలిసి అక్క గొంతు వింటున్నాం. ఆ గొంతు ఎంత బాగుందో. ఏళ్ళ తర్వాత అంతమంది ముందు వణక్కుండా చదువుతోంది.

"...అప్పుడు కొండమ్మ కొత్త దుప్పటి కప్పుకుని, హాయిగా, హాయిగా నిద్రపోయింది."

పిల్లలు చప్పట్లు కొట్టబోయి, చేతుల్లో మొక్కలున్నాయని గుర్తొచ్చి, కాళ్ళతో నేలను తట్టారు. అన్ని కాళ్ళు. నేల మెత్తగా జవాబిచ్చింది.

"పద తల్లీ, మొదటి మొక్క నీదే," అంది పెద్ద టీచరు.

ఆ సాయంత్రం పెద్ద వాన పట్టడం, వాలు జారడం, ఆ గేటూ మెట్లూ బడి వెనక గదులూ మట్టి కిందికి పోవడం ఊరందరికీ తెలిసినదే. అప్పటికి బడిలో ఎవరూ లేరు. కానీ పొద్దున ఇవేవీ నాకు తెలియవు. తెలిసి ఉంటే ఎంత సులువుగా ఉండేది. నాకు తెలిసిందల్లా మెట్టు మీద ఒక గీత, అరుగు మీద అక్క ముఖం. గీత తప్పు కావచ్చు. అక్క ముఖం మాత్రం తప్పు కాదు. ఒక్క మాటతో అది మళ్ళీ ఆరిపోతుందనీ, ఆ తర్వాత ఆమె బల్ల దగ్గర కూర్చోకపోవచ్చనీ, ఆ మేడగదిలో నేను ఉండలేననీ కూడా తెలుసు. అలాగే జరిగింది.

పాప గేటు వైపు అడుగు వేసింది.

నేను వెళ్ళి దాని ముందు, ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాప ఆగి, నా ప్యాంటు చూసి నవ్వింది.

"మామయ్యా, ఛీ, బురద!"

"కథ ఇంకా అవ్వలేదే పాపా."

"అయిపోయింది. అమ్మ చదివేసిందిగా."

"లేదు. ఇంకొంచెం ఉంది. మేం మీకు చెప్పలేదు."

అరుగు మీది నుంచి "ఒరేయ్," అంది అక్క. హెచ్చరికలా మొదలై, మధ్యలోనే బతిమాలడంలా మారిపోయిన ఒక్క మాట. నేను అటు తిరగలేదు. తిరిగితే లేచి పక్కకు తప్పుకుంటానేగానీ చెప్పలేను. పాప కళ్ళల్లోకి చూశాను. ఏమీ తెలియని, ఏ భయమూ లేని కళ్ళు. నా ముఖంలో ఏం కనబడిందో, వాటిలో నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది.

"కొండ నిద్రపోలేదు తల్లీ," అన్నాను, వెనక వరసలోని పిల్లలకు కూడా వినబడేంత గట్టిగా. "అది లేచింది. మన మీదికి వస్తుంది."